మధ్యాహ్నం ఆటలో పట్టిన గ్రహణం

సినిమా బాగుందో లేదో చెప్పడం మా మగ్గాల వాడలో నా పని. ఎవరూ అప్పగించలేదు, నేనే నెత్తిన వేసుకున్నాను. నల్లగొండలో రేకుల టాకీసులో కొత్త ఆట పడిందంటే వచ్చే అమావాస్యకు నేను చూసి రావాలి. మర్నాడు నూలు కండెలు చుట్టుకుంటూ కథంతా చెప్పాలి. ఆ తర్వాతే మిగతా ఆడవాళ్ళు పోవాలా వద్దా అని తేల్చుకునేవారు. అమావాస్యే ఎందుకంటే, ఆ రోజు మావాళ్ళు మగ్గం ముట్టరు. నెలంతా మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకుని కూర్చున్న మనుషులకు అదొక్కటే కాళ్ళు చాపుకునే రోజు. మగవాళ్ళు కల్లుకు పోయేవాళ్ళు, నేనూ ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళూ బండి కట్టించుకుని సినిమాకు పోయేవాళ్ళం.

అరవైల మొదటి ఏళ్ళ మాట ఇది. నా అభిప్రాయాలు అప్పుడూ మెత్తగా ఉండేవి కావు. ఒక సినిమాలో కథానాయిక కటిక పేదరాలు. ఇంట్లో పొయ్యి వెలగదు, తమ్ముడికి జ్వరం, ఈమె రాట్నం ముందు కూర్చుని పాట పాడుతూ ఏడుస్తుంది. ఏడిస్తే ఏడ్చింది గానీ, రాట్నాన్ని వెనక్కి తిప్పుతోంది! అట్లా తిప్పితే చుట్టిన నూలు కూడా ఊడిపోతుంది. "ఇగ ఆ ఇల్లు ఎట్ల బాగుపడతది?" అన్నాను. మా వాడ నుంచి ఆ సినిమాకు ఇంకెవరూ పోలేదు. మరో దాంట్లో దయ్యం తిరిగేది. పక్కనున్న వాళ్ళంతా కళ్ళు మూసుకుంటే నేను దాని చీర చూశాను. తెల్లగా, ఎక్కడా మడత నలగకుండా ఉంది. "బొందలగడ్డల ఉండేదానికి గంత మంచిగ గంజి ఎవలు వెట్టిన్రే?" అని గట్టిగానే అడిగాను. నేల తరగతి ఆడవాళ్ళంతా ఒకటే నవ్వు. ఆ తర్వాత దయ్యం ఎంత అరిచినా ఎవరూ భయపడలేదు.

కథానాయకుల సంగతి చెప్పకపోవడమే మంచిది. బొజ్జ కనబడకుండా పుస్తకాలు అడ్డం పెట్టుకుని కాలేజీకి పోతుంటారు. ఇక ఆ మాటలు! "వచ్చారా, కూర్చోండి, కాఫీ పుచ్చుకోండి" అంటుంటే మా ఆడవాళ్ళు కొంగులు నోటికి అడ్డం పెట్టుకునేవారు. మా మాట మాట్లాడినవాళ్ళు తెరమీద ఒక్కరూ నాకు కనబడలేదు. అయినా పోయేదాన్ని. చీకట్లో కూర్చుని, ఎవరికీ జవాబు చెప్పుకోకుండా, పల్లీలు కొరుక్కుంటూ తప్పులు పట్టడంలో ఉన్న సుఖం నాకు ఇంకెందులోనూ దొరకలేదు.

నాకు తల్లి లేదు. పెళ్ళయిన రెండో ఏడు కడుపుతో ఉన్నానని తెలిసినప్పుడు, పురుడు అత్తగారింట్లోనే అని తేలిపోయింది. మామ ఎప్పుడో పోయాడు. ఇంట్లో అత్త, నేను, నా పెనిమిటి. మా అత్త మాటలు తక్కువ మనిషి. నేను ఎంత వాగినా విని "ఊఁ" అనేది. అంతవరకు ఒక్క సినిమా చూడలేదు. అయిదో నెలలో అమావాస్య వస్తే, ఎప్పటిలాగే నేను బండెక్కబోయాను. ఆమె కూడా పాత చీర మార్చుకుని వచ్చి ఎక్కింది.

"నువ్వెందుకత్తా?" అన్నాను.

"వట్టిమనిషివి కావు. ఇంటిమనిషి లేకుంట ఎట్ల పోతవ్?" అంది.

ఆ ఆట రాజుల కథ. రాకుమారుణ్ణి అడవిలో బలి ఇవ్వబోతారు. బండరాయి మీద పడుకోబెట్టి కట్టేశారు. డప్పులు మోగుతున్నాయి. ఒకడు కత్తి ఎత్తాడు. నేను పొట్లంలో పల్లీకాయలు ఒక్కొక్కటే పళ్ళతో పటుక్కుమనిపిస్తూ, ఆ కత్తి అట్టతో చేసిందని పక్కామెకు చెబుతున్నాను. అంతలో తెరమీద సూర్యుడు కనబడ్డాడు. ఆ సూర్యుణ్ణి ఒక పక్క నుంచి నలుపు తినుకుంటూ వస్తోంది.

"గ్రహణం!" అని ఎవరో అరిచారు.

ఆడవాళ్ళ వైపు ఒక్కసారిగా కలకలం. పిల్లల తల్లులు పిల్లల మీద కొంగు కప్పారు. ఒక ముసలమ్మ "నారాయణా, నారాయణా" అని మొదలుపెట్టింది. మా అత్త నా చేతి మీద ఒక్కటి వేసింది. పల్లీలన్నీ నేలపాలయ్యాయి. ఒక చేత్తో నా నోరు మూసి, ఇంకో చేత్తో నా కళ్ళు మూసి, నా చెవిలో "కొరకకు! గీకకు! కదలకు!" అంది. ఆ గొంతు నేను ఎప్పుడూ విననిది. ఆమె అరచేతులు చెమటతో తడిసి ఉన్నాయి. ఊపిరాడక గింజుకుంటే ఇంకా బిగించింది. మగవాళ్ళ వైపు ఈలలు వేస్తున్నారు. చప్పట్లు వినబడ్డాయి. రాకుమారుడు తప్పించుకున్నట్టున్నాడు. ఎట్లా తప్పించుకున్నాడో ఈ రోజుకీ నాకు తెలియదు. నేను అభిప్రాయం చెప్పలేకపోయిన సినిమా అదొక్కటే.

బయటికి వస్తే ఎండ మండిపోతోంది. నేను నవ్వబోయాను. మా అత్త నవ్వనివ్వలేదు. గేటు దగ్గర టికెట్లు చింపేవాణ్ణి పట్టుకుని, "గ్రహణం విడిసిందా అయ్యా?" అని అడిగింది.

వాడు అసలే కొంటెవాడు. "విడిసిందమ్మా. మల్ల ఫస్టు షోల పడతది" అన్నాడు.

"దినాం పడతదా?"

"దినాం మూడుసార్లు. శనివారం దాకనే. ఎన్కసిరి బొమ్మ మారుతది."

మా అత్త మొహం తెల్లబోయింది. తిరుగుదారిలో మోటబావి కనబడితే బండి ఆపించి, మా అందరితో కట్టుబట్టలతోనే తలస్నానాలు చేయించింది. కట్టుకొచ్చిన జొన్నరొట్టెలు కుక్కలకు వేయించింది. తడిబట్టలతో, ఆకలితో బండిలో కూర్చుని నేను ఇంటిదాకా గొణుగుతూనే ఉన్నాను.

"రోజుకు మూడుసార్లు పట్టేది గ్రహణం ఎట్లయితదత్తా? అది బొమ్మ. గుడ్డ మీద వెలుగు."

"ఇయ్యాల అమాస" అంది ఆమె.

"అయితే?"

"సూర్యగ్రహణం అమాసనాడే పడతది. ఆళ్ళు బొమ్మల చూపెట్టిన్రు. పైన ఏమయిందో లోపట కూసున్న నీకెట్ల ఎరుక?"

టాకీసులో ఉన్నంతసేపూ పైన ఆకాశంలో ఏం జరిగిందో నిజంగానే నేను చూడలేదు కదా.

ఇంటికి వచ్చాక నా పెనిమిటి కడుపు పట్టుకుని నవ్వాడు. "అమ్మా, నీకేమన్న పిచ్చా? గా తెరగుడ్డ గూడ మనసొంటి ఎవడో నేసిందే. దాని మీద సూర్యుడెట్లొస్తడు?" అన్నాడు. మా అత్త అతని మాట వినలేదు. ఇత్తడి పళ్ళెంలో నీళ్ళు పోసి, వాకిట్లో పెట్టి, దాంట్లో రోకలి నిలబెట్టింది. గ్రహణం పట్టిన రోజున రోకలి నిలబడుతుందని మావాళ్ళ నమ్మకం. ఆమె మెల్లగా చేతులు వదిలింది.

రోకలి నిలబడింది.

నా పెనిమిటి నవ్వు ఆగిపోయింది. "అడుగు సాపుగున్నది, అందుకే నిలబడ్డది. ఎప్పుడు వెట్టినా నిలబడతది" అన్నాన్నేను.

"ఎప్పుడన్న వెట్టి చూసినవా?" అంది అత్త.

చూడలేదు. ఎవరు చూస్తారు? రోకళ్ళు నిలబెట్టుకుంటూ కూర్చునే తీరిక ఎవరికుంది?

గ్రహణం వేళ కడుపుతో ఉన్నది ఏదైనా కొరికినా, తెంపినా, కోసినా పుట్టే బిడ్డకు పెదవి చీలుతుంది. గ్రహణం మొర్రి అంటారు. ఈ సంగతి నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ తెలుసు. తెలిసిన మాటే, కానీ అంతవరకు అది నా ఒంటికి తగలలేదు. ఆ రోజు పడుకోబోతూ నా పైపెదవిని వేలితో తడుముకున్నాను. ముక్కు కింద గాడి ఉంటుంది కదా, అక్కడ వేలు ఆగిపోయింది. నేను ఎన్ని పల్లీలు కొరికాను? నలుపు కనబడ్డాక కొరికానా, ముందే కొరికానా? ఎంత ఆలోచించినా గుర్తుకు రాలేదు. పటుక్కుమన్న చప్పుడు మాత్రం చెవిలో ఉండిపోయింది.

కొన్నాళ్ళకు అత్త రంగుల నూలు తేవడానికి పోయినప్పుడు, తలుపు దగ్గరికి వేసి నేనే పళ్ళెంలో నీళ్ళు పోసి రోకలి నిలబెట్టాను. అది అమావాస్య కాదు, ఏమీ కాదు, మామూలు రోజు. నిలబడితే నా భయం పోతుంది. ఎప్పుడైనా నిలబడుతుందని అత్త మొహం మీదే అనవచ్చు. చేతులు వదిలాను. పడిపోయింది. మళ్ళీ పెట్టాను, మళ్ళీ పడింది. నా చేతులు వణుకుతున్నాయి, అందుకే పడుతోంది అని నాకు నేను చెప్పుకున్నాను. చెప్పుకున్నకొద్దీ చేతులు ఇంకా వణికాయి. చివరికి పళ్ళెం బోర్లించి, వాకిలి తుడిచి, ఏమీ ఎరగనట్టు రాట్నం ముందు కూర్చున్నాను. ఎవరికీ చెప్పలేదు.

సినిమాలు బంద్ అయ్యాయి. కథ చెప్పమని ఎవరైనా వస్తే తలనొప్పి అనేదాన్ని. ఎవరి మొహం చూసినా ముందు పెదవే చూసేదాన్ని. నూలుకు రంగులేసే కొట్టం గోడ మీద టాకీసు వాళ్ళు అంటించిన కాగితం ఉండేది. దాని మీద కథానాయిక మొహం ఇంత పెద్దది. ఒక వానకు ఆ కాగితం సరిగ్గా ఆమె పైపెదవి దగ్గర చిరిగి, ముక్క వేలాడింది. అటువైపు పోవాల్సిన ప్రతిసారీ తల వంచుకుని నడిచేదాన్ని. ఒక మధ్యాహ్నం ఎవరూ లేనప్పుడు, పడుగుకు కాచిన గంజి చిప్పలో తెచ్చుకుని, ఆ ముక్కను మళ్ళీ అతికించాను. అతుకు వంకరగా వచ్చింది. దాన్ని చూసి ఏడుపొచ్చింది. తెరమీది వాళ్ళను అంతలేసి మాటలన్న నేను, గోడ మీది కాగితానికి దండం పెట్టుకుని వచ్చాను.

మా అత్త నన్ను తిట్టి ఉంటే బాగుండేది. తిట్టలేదు. నా ముందు నుంచి కత్తెర, కొడవలి, కత్తిపీట అన్నీ ఎత్తి దాచింది. పోగు తెగితే, "నువ్వు ముట్టకు" అని పరుగున వచ్చి తానే అతుకు పెట్టేది. అన్నం తింటుంటే ఎదురుగా కూర్చుని నా నోరే చూసేది. నాకు పిచ్చెక్కిపోయేది.

"ఏందత్తా నీ చూపు? ఏమయితదో చెప్పన్న చెప్పు, లేకుంటె చూసుడన్న బంద్ చెయ్యి!"

"తిను బిడ్డా" అనేది. అంతే.

ఏడో నెలలో యాదగిరిగుట్టకు తీసుకుపోయింది. మెట్ల మీద ఒక చిన్నపిల్ల కనబడింది. పైపెదవి ముక్కు దాకా చీలి ఉంది. బెల్లం ముక్క చప్పరిస్తూ, నన్ను చూసి నవ్వింది. ఆ పిల్ల హాయిగానే ఉంది. నేనే తల తిప్పుకున్నాను. మా అత్త తల తిప్పుకోలేదు. ఆ పిల్ల ముందు కూర్చుండిపోయింది. "ఎట్ల తింటున్నవ్ బిడ్డా? పాలెట్ల తాగినవ్? మీ అమ్మ ఎట్ల తాపింది?" అని అడుగుతోంది. ఆ పిల్ల బిత్తరపోయి వాళ్ళ తల్లి దగ్గరికి పరుగెత్తింది. లోపల స్వామి ముందు అత్త చాలాసేపు నిలబడింది. పెదవులు కదిలాయి గానీ ఏం మొక్కిందో వినబడలేదు.

"ఏం మొక్కినవ్?" అన్నాను దిగేటప్పుడు.

"నీకెందుకు?" అంది.

ఇక అక్కడినుంచి నెలలు నిండేకొద్దీ నాకు పురుటినొప్పుల భయం కూడా లేకుండా పోయింది. చచ్చిపోతానేమో అని కూడా అనిపించలేదు. ఒకటే భయం, బిడ్డ మొహం చూడాలి. లోపల కదిలినప్పుడల్లా, ఇది నోరు తెరుస్తోందా, ఆ నోరు ఎట్లా ఉంది అనుకునేదాన్ని. నా పెనిమిటి మగ్గం మీద నుంచి, "ఫికర్ చెయ్యకు, మంచిగనే పుడతది" అనేవాడు. ఆ మాటకు నేను ఎగిరిపడేదాన్ని. "నీకేం, పల్లీలు కొరికింది నేను!"

నొప్పులు తెల్లవారగానే మొదలయ్యాయి. ఎండ వాకిట్లోకి వచ్చేసరికి బిడ్డ పుట్టింది. మంత్రసాని "ఆడివిల్ల" అంది. బిడ్డ ఏడ్చింది. ఆ ఏడుపులో ఏదైనా తేడా ఉందేమో అని చెవులు రిక్కించాను. కళ్ళు మాత్రం తెరవలేదు. గట్టిగా మూసుకున్నాను.

"పెదివి ఎట్లున్నది?" అన్నాను.

మంత్రసాని జవాబు చెప్పేలోపే మా అత్త బిడ్డను అందుకున్నట్టుంది. అడుగుల చప్పుడు గడప దాకా పోయింది. వెలుతురులోకి. తర్వాత చప్పుడు లేదు. బిడ్డ ఏడుపు కూడా ఆగింది. నేను ఎదురుచూశాను. కళ్ళు తెరిచి చూస్తే, గడపలో ఆమె వీపు. తల వంచుకుని ఉంది. భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తోంది.

"అత్తా!" అని అరిచాను. ఆ అరుపుకు వాకిట్లో ఉన్న నా పెనిమిటి కూడా లేచి నిలబడ్డాడు. "చెప్పు అత్తా! నీ కాల్మొక్కుత, చెప్పు! చీలిందా?"

ఆమె వెనక్కి వచ్చింది. బిడ్డను నా పక్కన పడుకోబెట్టి, నా కుడిచెయ్యి పట్టుకుని, చూపుడువేలు తీసి బిడ్డ పైపెదవి మీద పెట్టింది. ఈ కొస నుంచి ఆ కొసకు మెల్లగా నడిపించింది. మెత్తగా ఉంది. ఎక్కడా ఆగలేదు. ఎక్కడా చీలిక లేదు.

బిడ్డను రొమ్ముకు అందించారు. కాసేపు వెతుక్కుని పట్టుకుంది. మా అత్త చెవి దగ్గరగా పెట్టి వింది.

"గుంజుతాంది" అంది. "గుంజుతాంది పిల్లా. పాలు లోపటికే పోతున్నయ్." అని, గోడకు జారగిలబడి నేల మీద కూర్చుంది. మంత్రసాని వేడినీళ్ళ కోసం బయటికి వెళ్ళింది. అప్పుడు అత్త చెప్పింది.

"నీ పెనిమిటి కన్న ముందుగాల ఒకడు పుట్టిండు. గిది నీ పెనిమిటికి ఎరుకలేదు. ఆ పిల్లగాని మొకం మీ మామకు తప్ప ఎవ్వలకు చూపియ్యలేదు. పెదివి గీడికెళ్ళి ముక్కు దాక చీలి ఉండె. పాలు గుంజకపోతుండె. దూదివత్తితోని చుక్కచుక్క పోస్తె ముక్కులకెళ్ళి వచ్చేది. పురుడు ఎల్లకముందే పోయిండు."

నేను బిడ్డను ఇంకా దగ్గరికి అదుముకున్నాను.

"ఆడు కడుపుల ఉన్నప్పటి మాట. అమాసనాడు మగ్గం ముట్టద్దని నాకు ఎరుకే. పెండ్లి చీర, తెల్లారి ఇయ్యాలె అన్నరు. మీ మామ నేస్తాంటె నేను పక్కన ఉన్న. పోగులు తెగుతున్నయ్, అతుకు వెడుతున్న. అతుకు వెట్టినంక కొస ఉంటది గద. దాన్ని పండ్లతోని కొరికి తెంపిన. ఎన్ని తెంపిన్నో. బయట చీకటయితాంటె మబ్బు వట్టిందనుకున్న. బయటికొచ్చి చూస్తె గ్రహణం."

ఆమె తన పళ్ళను వేలితో తాకింది. అప్పుడు తెలిసింది నాకు, టాకీసులో నా నోటిని మూసిన చెయ్యి ఎవరి నోటిని మూస్తోందో. నాకు ఏడుపు, కోపం రెండూ ఒకేసారి వచ్చాయి. ఇన్నేళ్ళుగా ఈ మనిషి ఇంత బరువు మోస్తూ నా పక్కనే కూర్చుని కండెలు చుట్టిందా!

"అత్తా, గిటు చూడు" అన్నాను. "నేను కొరకలేదా? నీ ముంగటనే కొరికిన. అమాసనే గదా. గ్రహణమే అంటివి గదా. రోకలి గూడ నిలబడె. అన్నీ అయినయ్. మరి నా బిడ్డ పెదివి చూడు! ఏమన్న అయిందా? కొరుకుతె ఏమీ కాదత్తా. నీ వల్ల ఏమీ కాలేదు. ఆడు నీ వల్ల పోలేదు."

మా అత్త బిడ్డ వైపు చూసింది. పెదవి పక్కన కారిన పాలచుక్కను కొంగుతో తుడిచింది. నా మాట వింటుందని, ఒప్పుకుంటుందని ఒక్క క్షణం అనిపించింది.

"అది సినిమా బిడ్డా" అంది. "గుడ్డ మీద వెలుగు. నాది నిజం గ్రహణం."